ఓడ మొలతాడు

మా మరిది పోయాడు. పోయిన ఆదివారం పొద్దున, ధర్మవరంలో మా ఇంటి వసారాలో, మంచం మీదే ప్రాణం విడిచాడు. విషజ్వరం అన్నారు. ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు. చిన్నవాడు ముందు పోవడం ఏమిటో, పెద్దదాన్ని నేను కూర్చుని అతని గురించి రాయడం ఏమిటో నాకు ఇంకా మింగుడుపడడం లేదు.

పలకరించడానికి వచ్చేవాళ్లందరూ ఒకటే మాట అంటున్నారు. “ఎంతెంత ఫిరంగులు పేల్చిన చెయ్యమ్మా అది” అంటారు. “మన ఊరి పరువు నిలబెట్టినాడు” అంటారు. చావింట్లో తగవు పెట్టుకోకూడదని నేను తల ఊపి ఊరుకుంటున్నాను. వాళ్లు అన్నప్పుడల్లా ఆ తల సిగ్గుతో ఇంకాస్త వాలిపోతోంది. ఎందుకంటే మా మరిది యుద్ధం ఓడలో నాలుగేళ్లు పనిచేసి ఒక్క ఫిరంగి కూడా పేల్చలేదు. అతను చేసిన పని వేరే. అది బాగా చేశాడు. బాగా చేసినందుకే బతికినన్నాళ్లూ సిగ్గుతో కుమిలిపోయాడు. ఆ సంగతి మా ఇంట్లో నాకు తెలుసు, రొద్దంలో ఒక తల్లికి తెలుసు. ఇక మీకూ తెలియాలి.

నాది హిందూపురం. మా నాయన పట్టుబట్టి ఎనిమిదో తరగతి దాకా చదివించి, ఆ తరువాత ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చాడు. నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిదికి మీసం కూడా రాలేదు. హిందూపురం వాళ్ల మాటలో కన్నడం కలిసి ఉంటుంది కదా, నేను వడ్డించేటప్పుడు చాలా అనడానికి “సాకా?” అని అడిగితే అతను వారం రోజులు ఆ మాటే పట్టుకుని ఏడిపించాడు. నీళ్లు అడిగినా సాకా, దీపం ఆర్పినా సాకా. వదినను ఏడిపించని మరిది ఉంటాడా, ఉంటే వాడికి జ్వరమన్నా తగిలి ఉండాలి.

మగ్గం మాత్రం అతనికి అబ్బలేదు. గుంటలో కూర్చోబెడితే కాలు ఒకవైపు, చెయ్యి ఒకవైపు. మా ఇంటాయన విసుక్కునేవాడు. “నాడె విసరమంటే వీడు నాడె విప్పి చూస్తాండాడు” అనేవాడు. దారాన్ని మగ్గంలో అటూ ఇటూ నడిపే ఆ నాడెను విప్పిన ప్రతిసారీ మళ్లీ సరిగానే బిగించేవాడు, అది వేరే సంగతి. ఇట్లా కాదని మా నాయన దగ్గరికి హిందూపురం పంపాం. అక్కడ గుడారంలో సినిమా ఆడించే ఒకాయన దగ్గర ఇంజను నడపడం, తీగలు కలపడం నేర్చుకున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు చేతులకు నల్లటి జిడ్డు, ముఖంలో వెలుగు. మా అత్త ఆ జిడ్డునే చూసేది.

తరువాత పెళ్లి చేశాం. పిల్ల నెమ్మదస్తురాలు, నాకు మంచి తోడికోడలు. ఏడాది తిరగకుండా కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. మా వైపు భార్య పోతే మగవాడి మొలతాడు తెంపుతారు. ఆడదానికి తాళి ఎంతో మగవాడికి మొలతాడు అంత అని పెద్దలు గొప్పగా చెబుతారు. కాకపోతే ఆడదాని మెడ అందరికీ కనిపిస్తుంది, మగవాడి మొల పంచె కింద ఉంటుంది. ఆ తేడా పెద్దలు చెప్పరు. కర్మ రోజున అతని నల్లతాడు తెంపి పారేశారు. సాయంత్రం వంటింటి గడప దగ్గర కూర్చుని, “పంచె జారిపోతాంది వదినా, ఊరికే చెంగు పట్టుకోని తిరగాల్సి వస్తాంది” అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నేను నవ్వాను, అతనూ నవ్వాడు, ఆ తరువాత ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

అప్పుడే యుద్ధం ముదిరింది. సముద్రం అవతలి నుంచి వచ్చే పట్టు ఆగిపోయింది. మా వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా నిలిచిపోయింది. పెనుకొండలో సైన్యానికి మనుషుల్ని తీసుకుంటున్నారని విని మా మరిది ఇంట్లో చెప్పకుండా పోయాడు. తీగల పని వచ్చునంటే నౌకాదళానికి రాసుకున్నారు. తిరిగి వచ్చి చెబితే మా అత్త నేల మీద పడి ఏడ్చింది. ఇంట్లో ఒక మనిషి తిండి తగ్గుతుందని మా ఇంటాయన మనసులో అనుకున్నాడో ఏమో, ఆయన ముఖం నా వైపు తిప్పలేదు.

ఆ పెనుకొండలోనే, ఆ వరసలోనే, అతనికి రొద్దం నుంచి వచ్చిన కుర్రాడు పరిచయమయ్యాడు. తల్లికి ఒక్కడే కొడుకు. తండ్రి లేడు. వేరుశనగ పండే మెట్ట చేను కొంత ఉంది. ఇద్దరూ ఒకే రైల్లో పోయారు, ఒకే చోట నేర్చుకున్నారు. చివరికి మా మరిదిని పెద్ద యుద్ధం ఓడకు, రొద్దం అబ్బాయిని సిపాయిల్ని ఒడ్డుకు చేర్చే చిన్న ఇనుప పడవకు వేశారు.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మా అరుగు మీద జనం కిక్కిరిశారు. ఓడ ఎట్లా ఉంటుందో చెప్పమన్నారు. అతను ఓపికగా చెప్పాడు.

“ముందర రెండు పెద్ద ఫిరంగులు, వెనకాల ఒకటి. విమానాలు వస్తే కాల్చేటివి వేరే ఉండాయి. గుండ్లు దాచే గది అడుగున ఉంటుంది, ఆడనుంచి పైకి అందిస్తారు. తోక కాడ పీపాల మాదిరి బాంబులు, నీళ్లలోకి దొర్లిస్తే కిందకు పోయి పేల్తాయి. నీళ్లకింద దొంగ ఓడ వస్తాంటే దాని చప్పుడు పట్టే మిషను ఒకటి.”

“వీటిల్లో నువ్వు పేల్చేది ఏదప్పా?” అని పట్టు వ్యాపారి ఒకాయన అడిగాడు.

“నేను ఏదీ పేల్చను. నాది తీగ పని.”

“తీగ పనంటే? దీపాలు ముట్టించేదా?”

అరుగు మీద నవ్వులు లేచాయి. మా ఇంటాయన ముఖం చిన్నబోయింది. లోపల సంగటి కెలుకుతున్న నాకు కూడా చిన్నతనంగా అనిపించింది. ఓడలో దీపాలు ముట్టించడానికి ఇంత దూరం పోయాడా అని. జనం వెళ్లాక నేనే అడిగాను, అసలు నీ పని ఏమిటబ్బా అని.

అతను నా సూదుల డబ్బా తెమ్మన్నాడు. ఒక సూదిని పట్టుదారానికి కట్టి దూలానికి వేలాడదీశాడు. జేబులోంచి సూదంటురాయి ముక్క తీసి సూదికి కాస్త దూరంగా పోనిచ్చాడు. సూది గిర్రున తిరిగింది.

“చూడు వదినా. సముద్రం అడుగున బాంబు పడుకోనుంటుంది. దాని కడుపులో ఇట్లాంటి సూది ఉంటుంది. ఓడంతా ఇనుము గదా, అది సూదంటురాయి మాదిరి అయిపోయింటుంది. పైన పోతానే కింద సూది తిరుగుతుంది. తిరిగిందంటే అయిపోయినట్లే. అందుకని ఓడ చుట్టూ లోపల రాగి తీగ చుట్టి, దాంట్లో కరెంటు పారిస్తాము. ఎంత పారించల్ల, ఎటు పారించల్ల, అది చూసేది నా పని. సరిగ్గా పారిస్తే ఓడ పోయినట్లు ఆ సూదికి తెలీనే తెలీదు.”

నేను కాసేపు ఆలోచించాను. “అంటే ఓడకు మొలతాడు కట్టినారన్నమాట” అన్నాను.

అతను కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక, “అంతే వదినా. దిష్టి తగలకుండా కట్టేదే గదా. ఇదీ అంతే. కిందుండే దాని కన్ను పడకుండా” అన్నాడు. తరువాత సూదిని దారం నుంచి విప్పి నా డబ్బాలో పెట్టాడు. తన మొల మీద లేని తాడును ఓడకు కట్టి రోజూ కాపలా కాస్తున్నానని అప్పుడే తోచి ఉంటుంది. ఓడలో ఉన్న నలుగురు తెలుగువాళ్లకు ఈ మాట చెప్పాడట. అప్పటినుంచి వాళ్లు ఆ తీగను మొలతాడు అనే అన్నారట.

సెలవు ముగిసి బయలుదేరేటప్పుడు రొద్దం అబ్బాయి తల్లిని వెంటబెట్టుకుని పెనుకొండలో రైలెక్కి మా ఇంటికి వచ్చాడు. ఆమె ఒకరోజు మా ఇంట్లో ఉంది. గట్టి మనిషి. ఎండకు నల్లబడ్డ చేతులు, తక్కువ మాటలు. ఒక గంపెడు వేరుశనగకాయలు తెచ్చి మా గడపలో దించి, “మీ ఇంటికి ఊరికే రాలేను గదమ్మా” అంది. మా మరిది ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడు. ఓడ మొలతాడు కథ ఆమెకూ చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, “మావాడి పడవకు కట్టలేదా?” అని అడిగింది.

“చిన్నదానికి అక్కర్లేదంట పెద్దమ్మా.”

“అదేమబ్బా, మా ఊళ్లో చిన్నపిల్లోళ్లకే గదా ముందు కట్టేది.”

అందరం నవ్వాం. ఆమె కొడుకు కూడా నవ్వాడు. మరునాడు స్టేషనులో రైలు కదలబోయేముందు ఆమె మా మరిది చెయ్యి పట్టుకుని, “మావాడికి దుడుకు జాస్తి నాయనా. నువ్వు ముందర నడువు, వాడు నీ అడుగులో అడుగు వేసుకుంటా వస్తాడు” అంది. అతను సరే పెద్దమ్మా అన్నాడు. ఏ తల్లయినా అనే మాటే. ఏ పిల్లవాడయినా సరే అనే మాటే.

యుద్ధం అయిపోయాక మా మరిది ఒక్కడే వచ్చాడు.

ఊరు అతనికి పూలదండ వేసింది. నాడు అరుగు మీద నవ్విన పట్టు వ్యాపారే ముందు నిలబడి వేశాడు. అంతకుముందే మా ఇంటాయన కాఫీ హోటల్లో తమ్ముడు ఫిరంగుల దగ్గర పనిచేశాడని నోరు నింపుకుని చెప్పి ఉన్నాడు. ఆ సంగతి నాకు మేళం వాయిస్తున్నప్పుడు తెలిసింది. ఆయన వైపు నేను చూడలేకపోయాను. ఎవరో, “ఎన్ని ఓడలు ముంచినావప్పా?” అని అడిగారు.

“ఒక్కటీ ముంచలేదు. మాది మునగకుండా చూసుకున్నా, అంతే.”

ఎంత వినయమో అని చప్పట్లు కొట్టారు. అతను చెంపదెబ్బ తిన్నవాడిలా నేల చూస్తూ నిలబడ్డాడు. దండ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటిదాకా అట్లాగే తెచ్చాడు.

అప్పటినుంచి అతనికి ఒక కొత్త అలవాటు వచ్చింది. ఎవరితో నడిచినా వెనకే నడిచేవాడు. గుమ్మం దగ్గర ఆగి, “మీరు పదండి” అనేవాడు. సంతకు పోతూ నేను సంచి మోయలేక వెనకబడితే అతను నాకంటే వెనకబడేవాడు. ఊళ్లో దీన్ని నౌకాదళం మర్యాద అన్నారు. దొరల దగ్గర నేర్చుకున్నాడని మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది మర్యాదలా కనిపించలేదు. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపిస్తే అతని మెడ బిగుసుకుపోయేది.

ఒక మధ్యాహ్నం నేను పట్టు కండెలు చుడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను అడగలేదు. తనే మొదలుపెట్టాడు.

బర్మా వైపు ఒక నది సముద్రంలో కలిసే చోట జరిగిందట. లోపలికి పోవాలి. దారిలో బాంబులు తీసేసినామని చెప్పారు. ముందు వీళ్ల పెద్ద ఓడ పోయింది. మా మరిది కింద తన మీటల దగ్గర ఉన్నాడు. కరెంటు లెక్క సరిగ్గా ఉంది. ఓడ సుఖంగా లోపలికి పోయింది. అది పోయిన దారి మంచిదని చిన్న ఇనుప పడవలకు సైగ చేశారు. అవి ఒకదాని వెనక ఒకటి అదే దారిన వచ్చాయి. రెండోది పేలిపోయింది. రొద్దం అబ్బాయి దాంట్లో ఉన్నాడు.

“దాని మీదనే మేము పోయినాం వదినా. మా కిందనే ఉండె అది. నా మొలతాడు గట్టిగా ఉండె, దానికి మేము కనపడలేదు. మేము పోయినాంక వాళ్లు వచ్చినారు. వాళ్లకు మొలతాడు లేకపోయె.”

“బాంబు ఎవరు వేసినారబ్బా?” అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

“తెల్దు. వాళ్లు వేసిందో, మనోళ్లు వేసిందో. నీళ్లలో పడినాంక అది ఎవరిదీ కాదు.”

కొంచెం ఆగి, “నేను ఆ పొద్దు పని తప్పు చేసింటే, కరెంటు తక్కువ పారించింటే, మా ఓడకు తగిలేది. పెద్ద ఓడ గదా, దెబ్బ తిన్నా తట్టుకునేదేమో. వాడు బతికేవాడు. నేను సరిగ్గా చేసినా. మునగకుండా చూసుకునేది కూడా ఒక్కోసారి పాపమే వదినా” అన్నాడు.

నా చేతిలో కండె ఆగిపోయింది. నేను నిజం రాస్తాను. అది వినగానే నా కడుపులో మొదట కలిగింది దుఃఖం కాదు. మావాడు బతికి వచ్చాడు, ఆ తాడు మావాణ్ణి కాచింది అన్న సంతోషం. తరువాత మా గడపలో వేరుశనగ గంప దించిన మనిషి కళ్ల ముందు కదిలింది. ఆ సంతోషం వచ్చినంత వేగంగా సిగ్గు వచ్చింది. అది ఈనాటికీ పోలేదు. పోవాలని కూడా నేను కోరుకోను.

ఆమెకు చెప్పాలి. అదే అతని బాధంతా. కొడుకు సముద్రంలో బాంబు పేలి పోయాడని ఆమెకు సర్కారు కబురు అందింది. అంతవరకే ఆమెకు తెలుసు. ముందు ఎవరు పోయారో, ఎవరు చూపించిన దారిలో కొడుకు వచ్చాడో తెలియదు. చెప్పకపోతే తన ముఖం తనకు చూసుకోబుద్ధి కావడం లేదన్నాడు. చెబితే ఆమె ఏమైపోతుందో అని భయమన్నాడు.

మొదటిసారి ఇద్దరం కలిసే రొద్దం పోయాం. ఆమె అతన్ని చూసి ఏడవలేదు. కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. అతను ప్రతి ముద్దకూ నోరు తెరిచి, ప్రతిసారీ రొట్టె పెట్టుకుని మూశాడు. చెప్పకుండానే తిరిగొచ్చాం. ఆ తరువాత అతనొక్కడే పోయేవాడు. గుంటక తోలేవాడు, కలుపు తీసేవాడు, కాయ కొట్టేవాడు. మగ్గం గుంటలో నిలవని కాళ్లు ఆ చేలో ఎండలో నిలిచాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కట్టి ఇచ్చిన కాయల మూట ఉండేది. దాన్ని మా ఇంట్లో ఎవరూ తినకముందే అతను వీధిలో పంచిపెట్టేవాడు.

“ఆమె నన్ను కొడుకు మాదిరి చూస్తాంది వదినా. అదే నాకు సిగ్గు. తిట్టినా మేలుండు” అన్నాడు ఒకసారి.

“అయితే చెప్పేసెయ్” అన్నాను.

“నువ్వు రా. నువ్వుంటే నోరు పెగుల్తుంది.”

పోయాం. విత్తనాల కాలం. ఆమె గడప ముందు కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తోంది. మేమూ కూర్చుని ఒలవడం మొదలుపెట్టాం. అతను తలెత్తకుండా, చేతిలో కాయను చూస్తూ మొత్తం చెప్పాడు. ఓడ ముందు పోవడం, సూది తిరగకపోవడం, వెనక పడవలు రావడం. మాటకు మాట అతికించకుండా, దాచకుండా చెప్పాడు. ఆమె చేతులు ఒలవడం ఆపలేదు.

“కింద అది ఉండాదని నీకు తెలిసిండెనా?” అని అడిగింది చివరికి.

“తెల్దు పెద్దమ్మా.”

“తెలిసింటే నిలబడేవాడివి.”

“నిలబడేవాణ్ణి.”

“సరే.” ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. “నీ మీద నాకు కోపం లేదబ్బా. నేనే గదా నిన్ను ముందర నడవమనింది.” తరువాత చాటలోని గింజలు ఒకవైపుకు తోసి, “అయితే ఒకమాట చెబుతా, ఏమనుకోవద్దు. ఇంక మా ఇంటికి రావద్దు. నువ్వు ఆ మలుపులో కనపడితే చాలు, నీ వెనకాల ఎవరన్నా వస్తాండారేమో అని చూస్తా. ఇన్నాళ్లూ చూస్తానే ఉండా. ఇంక నాతో కాదు” అంది.

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మేము దాన్ని పట్టుకుని ఏడ్చేవాళ్లం. మా మరిది లేచి, ఒలిచిన గింజలు దోసిట్లో తీసి ఆమె చాటలో పోసి, నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. పెనుకొండ దాకా దారి పొడుగునా నేను ముందు, అతను వెనక. నేను తిరిగి చూడలేదు. చూస్తే అతని ముఖం నాకు కనబడుతుంది, నా ముఖం అతనికి కనబడుతుంది.

ఆ తరువాత అతను రొద్దం పోలేదు. పోవాలనుకున్న ప్రతిసారీ తెలిసేది. పొద్దున్నే లేచి తలకు గుడ్డ చుట్టుకునేవాడు, చెప్పులు వేసుకునేవాడు, వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చి చెప్పులు విప్పేవాడు. ఆమె పిలిస్తే పోతానని నాతో అన్నాడు. “పిలుస్తుందంటావా?” అని అడిగేవాడు. వానలు పడ్డప్పుడు అడిగేవాడు, కాయ కొట్టే కాలంలో అడిగేవాడు. నేను పిలుస్తుందిలే అనేదాన్ని. ఆ మాట అంటున్నప్పుడు కూడా సిగ్గేసేది, నోటికి వచ్చిన ఊరడింపు అమ్ముతున్నట్టు.

హిందూపురంలో ఒక మిల్లులో తీగల పని దొరికింది. అక్కడ కొన్నాళ్లు, ఇక్కడ కొన్నాళ్లు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, తెల్లోళ్ల ఓడలో పనిచేసినవాడని ఇదే ఊరివాళ్లు కొందరు ముఖం తిప్పుకున్నారు. జెండా ఎగరేసే రోజు మాత్రం బట్టలు ఉతికించుకుని రమ్మన్నారు, మన ఊరి నావికుడు అన్నారు. మనుషుల ముఖాలకు కూడా మీటలుంటాయి, ఎటు కావాలంటే అటు తిప్పుకుంటారు. మా మరిది ఆ వరసలో కూడా చిట్టచివర నిలబడ్డాడు.

మళ్లీ పెళ్లి చేసుకోమని పెద్దలు పట్టుబట్టారు. మడకశిర వైపు మంచి సంబంధం వచ్చింది. పెళ్లి కుదిరితే మొలతాడు మళ్లీ కట్టుకోవచ్చు కదా అని మా ఇంటాయన నచ్చజెప్పబోయాడు. అతను వద్దన్నాడు. ఎందుకు వద్దని నేను తరువాత అడిగాను. “నాకు కట్టిన మొలతాడు నన్ను కాపాడుతుంది వదినా, నా వెనక వచ్చేవాళ్లను కాపాడదు. నాకెందుకు?” అన్నాడు. ఎంత పిచ్చి మాట అని అప్పుడు కసిరాను. ఇప్పుడు అది పిచ్చి మాటలా అనిపించడం లేదు. ఏ ఇంట్లోనయినా ఒకరు క్షేమంగా తిరిగి రావడం వెనక ఇంకో ఇంటి గడప ఖాళీగా ఉంటుందేమో, మనకు తెలియదు అంతే. తెలిస్తే మేళాలు వాయించుకోం.

ఈ జ్వరం వచ్చిన మూడో వారానికి మనిషి చిక్కి మంచానికి అంటుకుపోయాడు. తెలివి ఉన్నప్పుడు ఏమీ అడిగేవాడు కాదు. తెలివి తప్పినప్పుడు మాత్రం, “పెద్దమ్మ పిలిచిందా?” అనేవాడు. మా ఇంటాయనకు ఆ పెద్దమ్మ ఎవరో అర్థమయ్యేది కాదు, చనిపోయిన మా పెద్దత్తను తలుస్తున్నాడని ఏడ్చేవాడు. నేను రొద్దం వైపు పోయే బస్సు మనిషితో కబురు పంపాను. మా మరిది మంచంలో ఉన్నాడు, నిన్ను తలుస్తున్నాడు అని. కబురు ఆమెకు చేరిందో లేదో తెలియలేదు. ఆదివారం పొద్దున అతను పోయాడు.

మా ఇళ్లలో ఆడవాళ్లు పాడె వెంట దింపుడు కళ్లం దాకా పోయి, అక్కడినుంచి వెనక్కి వస్తారు. ఊరు దాటాక చిత్రావతి ఏటి దారిలో ఒకచోట పాడె దించుతారు. సొంతవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ఊపిరి ఎక్కడయినా మిగిలి ఉంటే పలుకుతాడని ఆశ. ఎవరూ పలకరు. పలకరని అందరికీ తెలుసు, అయినా పిలుస్తారు.

దించారు. మా ఇంటాయన వంగి, “తమ్ముడా, తమ్ముడా, తమ్ముడా” అన్నాడు. గబగబా అన్నాడు. ఎండ ఎక్కుతోంది, మోసేవాళ్లు చెమటలు కక్కుతున్నారు, కట్టెల బండి ముందే పోయింది. నా వంతు వస్తే నేనూ వంగాను. ఏడుపులో ఏం పిలిచానో నాకే తెలియదు. మేము ఆచారం కోసం పిలిచాం. అది నాకు అప్పుడు తెలియలేదు.

మోసేవాళ్లు పాడె ఎత్తడానికి వంగుతుంటే స్టేషను దారి నుంచి ఒక మనిషి వస్తూ కనిపించింది. కొంగు నడుముకు బిగించుకుని, పరుగూ కాదు నడకా కాదు, పొలంలో గట్లు దాటేవాళ్లు వచ్చినట్టు వస్తోంది. రొద్దం పెద్దమ్మ. ఆమె ఎవరని మా వాళ్లు ఒకరినొకరు అడుగుతున్నారు. ఎవరో, “అమ్మా, ముట్టుకోగూడదు” అన్నారు. నేను వాళ్లను ఆపాను.

ఆమె ఏడవలేదు. నా వైపు కూడా చూడలేదు. తిన్నగా పాడె దగ్గరికి వచ్చి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది. అతని తల మీద గుడ్డ సర్ది, చెవి మీదికి వంగింది.

“అబ్బా” అని పిలిచింది. “రొద్దానికి రా. నేనే పిలుస్తాండా. విత్తనం వెయ్యాల, మనిషి లేడు. రా నాయనా.”

కొడుకును ఇట్లా దించి పిలుచుకునే చోటు కూడా ఆమెకు దొరకలేదు. నీళ్లలో పోయినవాడికి దింపుడు కళ్లం ఎక్కడుంటుంది? అందుకేనేమో, ఆమె మాలాగా తొందరపడలేదు. ఒకసారి పిలిచి ఆగింది. మళ్లీ పిలిచి ఆగింది. మూడోసారి పిలిచాక, చెవి దగ్గరినుంచి ముఖం ఎత్తి, తల పక్కకు వాల్చి, తన చెవిని అతని నోటి దగ్గర పెట్టింది. పాడె మోసేవాళ్లు నిలబడే ఉన్నారు. ఎత్తండి అని ఎవరి నోటా రాలేదు. ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, అట్లాగే వింటూ ఉండిపోయింది.